పప్పు పండే ఊళ్లో ఇంగ్లిష్ పాఠం

సెప్టెంబర్ 28, 2024, శనివారం

పారిస్‌లో విమానం దిగాను కానీ పారిస్ చూడలేదు. విమానాశ్రయంలోనే ఉన్న స్టేషన్‌లో టీజీవీ అనే అతివేగ రైలు ఎక్కితే రెండు గంటల్లో లియోన్ వచ్చింది. అక్కడి నుంచి సెంతెత్యెన్, అక్కడ మళ్లీ మారి చిన్న ప్రాంతీయ రైలు. ఆ చివరి గంటన్నర కోసమైనా ఈ దారిన ఒకసారి రావాలి. కొండల్ని తొలిచిన సొరంగాల్లో దూరుతూ, బయటపడుతూ రైలు లువార్ నది పక్కనే సాగుతుంది. ఫ్రాన్స్‌లో అన్నిటికన్నా పొడవైన నది ఇదే అయినా ఇక్కడ ఇంకా పిల్ల ఏరే. పక్క జిల్లా ఆర్దెష్‌లో పుట్టి ఎంతో దూరం కాలేదు. రాళ్ల మధ్య పలచగా పారుతున్న ఆ నీటిని చూస్తుంటే ఎండాకాలపు మున్నేరు గుర్తొచ్చింది.

ఒళ్లో ఉన్న ఫైలును మాత్రం దారి పొడుగునా వదల్లేదు. సెప్టెంబర్ 1న మున్నేరు పొంగి ఖమ్మంలోని మా ఇంట్లోకి నడుములోతు నీళ్లు వచ్చినప్పుడు నాన్న ముందుగా పట్టుకుని మేడ ఎక్కింది దీన్నే. డిగ్రీ పత్రాల అంచులు ఇప్పటికీ ముడతలు పడి, గోధుమరంగులో ఉన్నాయి. నియామక పత్రం తడవలేదు. అక్టోబర్ 1 నుంచి ఏప్రిల్ 30 వరకు ఏడు నెలలు, వారానికి 12 గంటలు, మూడు ప్రాథమిక పాఠశాలల్లో ఇంగ్లిష్ భాషా సహాయకురాలి పని. నెలకు చేతికి సుమారు 800 యూరోలు. హైదరాబాద్‌లో ఫ్రెంచి చదివినన్నాళ్లు కలగన్న ఉద్యోగం ఇది.

సాయంత్రం లె ప్వీ-ఆన్-వెలేలో దిగాను. స్టేషను బయటికి రాగానే ఎర్రటి మరియమ్మ విగ్రహం కనిపించింది. ఊరి మధ్య నిలువుగా లేచిన అగ్నిపర్వత శిల మీద, చేతుల్లో బిడ్డతో నిలుచుని ఉంది. క్రిమియా యుద్ధంలో సెవస్తోపోల్ దగ్గర పట్టుకున్న 213 ఫిరంగులను కరిగించి 1860లో నిలబెట్టారట. దానికి ఎదురుగా సూదిలాంటి మరో రాయి, దాని కొసన పదో శతాబ్దపు చిన్న గుడి. ఆ గుడికి 268 మెట్లు. ఇవాళ ఎక్కే ఓపిక లేదు.

సెప్టెంబర్ 30, సోమవారం

నేను గది తీసుకున్న ఇంటావిడ పదవీ విరమణ చేసిన పంతులమ్మ. పాత ఊళ్లో, ఏటవాలు రాళ్ల వీధిలో మూడో అంతస్తు. ఆవిడను మదామ్ అంటున్నాను. ఆవిడ కూడా నన్ను ‘మీరు’ అనే పిలుస్తున్నారు. ఇంత పెద్దావిడ నన్ను ‘మీరు’ అంటుంటే కూర్చోలేక లేచి నిలబడుతున్నాను.

జీతం పడాలంటే బ్యాంకు ఖాతా కావాలి. ఖాతా తెరవాలంటే చిరునామా రుజువు కావాలి. అద్దె ఒప్పందమే రుజువు అనుకుంటే, అద్దె చెల్లించడానికి ఖాతా కావాలి. పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదన్నట్టు ఉంది. పైగా ఈ ఊళ్లో చాలా బ్యాంకులు సోమవారం తెరవవు. రెండు తలుపుల ముందు నిలబడి వెనక్కి వచ్చాక మదామ్ ఒక తెల్ల కాగితం తీసి, నేను తన ఇంట్లో ఉంటున్నానని చేత్తో రాసి, సంతకం పెట్టి, తన గుర్తింపు కార్డు నకలు జత చేసి ఇచ్చారు. అదే వసతి ధ్రువపత్రం. ఇక్కడికి రాబోయే వాళ్లకు ఒక మాట. దిగిన రోజే ఇంటివాళ్లను ఈ కాగితం అడగండి, మొహమాటపడకండి.

అక్టోబర్ 1, మంగళవారం

మొదటి బడి. ఉదయం ఎనిమిదిన్నరకు ప్రధానోపాధ్యాయురాలే గేటు దగ్గర నిలబడి ఒక్కొక్క పిల్లవాణ్ణీ పేరు పెట్టి పలకరించి లోపలికి పంపుతున్నారు. పదకొండున్నర దాకా ఒక పూట, మధ్యాహ్నం ఒకటిన్నర నుంచి నాలుగున్నర దాకా ఇంకో పూట. బుధవారం సెలవు. తరగతుల పేర్లు మన లెక్కకు అందవు. ఆరేళ్ల పిల్లలది సేపే, ఆ తర్వాత సే-ఎ-అన్, సే-ఎ-దూ, చివరి రెండేళ్లు సే-ఎమ్-అన్, సే-ఎమ్-దూ. ఆడ టీచరును పిల్లలు మెత్రెస్ అంటారు.

ఇవాళ వెనక బెంచీలో కూర్చుని చూడటమే పని. గోడ మీద లౌకికత్వ నియమావళి ఉంది, 15 అంశాలు. 2013 నుంచి ప్రతి ప్రభుత్వ బడిలోనూ దీన్ని తగిలిస్తున్నారు. విద్యార్థులు కొట్టొచ్చినట్టు కనిపించే మతచిహ్నాలు ధరించకూడదని 2004 చట్టం చెబుతుంది. సిబ్బందికైతే పూర్తి తటస్థత తప్పనిసరి. చదువుతూ చదువుతూ నుదుటి మీద చెయ్యి వేసుకున్నాను. నన్ను ఎవరూ ఏమీ అనలేదు, అడగలేదు. అయినా విరామంలో అద్దం ముందు నిలబడి బొట్టు తీసి పర్సులో అంటించుకున్నాను. అది నాకు మతమా, అలవాటా అని ఎన్నడూ ఆలోచించలేదు. చిన్నప్పటి నుంచి ప్రతి ఉదయం అమ్మ వేలు తగిలిన చోటు అది, అంతే.

రాత్రి అమ్మకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ బడి పద్ధతి ఆ బడిది తల్లీ. సాయంత్రం ఇంటికొచ్చి, ముఖం కడుక్కుని పెట్టుకో” అంది.

ఉపాధ్యాయుల గదిలో ఒకరు, ఇంగ్లండ్ అమ్మాయి వస్తుందనుకున్నామని అన్నారు. చెడు ఉద్దేశంతో అన్న మాట కాదు. కానీ రాత్రంతా అది ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

అక్టోబర్ 2, బుధవారం

క్లెర్మోన్-ఫెరాన్‌లో సహాయకులందరికీ పరిచయ సమావేశం. చీకటితోనే బయలుదేరాను. ఆ ఊరి కెథడ్రల్ నల్లగా ఉంటుంది, దగ్గరలోని వోల్విక్ లావారాయితో కట్టారు. హాల్లో అమెరికా, బ్రిటన్, ఐర్లండ్ వాళ్లున్నారు. స్పానిష్, జర్మన్ చెప్పడానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఈ సహాయకుల పద్ధతి 1905 నాటిదని విన్నప్పుడు ఆశ్చర్యపోయాను. ఇప్పుడు సెవ్ర్ పట్టణంలోని ఒక ప్రభుత్వ సంస్థ దీన్ని నడిపిస్తోంది.

ముఖ్యంగా తెలుసుకున్నది ఒకటి. ప్రాథమిక బడుల్లో సేపే నుంచే వారానికి గంటన్నర విదేశీ భాష నేర్పాలి. ఆ పని తరగతి టీచరుదే. ఆమెకు ఇంగ్లిష్ మీద పట్టు ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మేము వెళ్లేది ఆమె స్థానంలోకి కాదు, ఆమె పక్కకు.

అక్టోబర్ 3, గురువారం

మొదటి పాఠం. ఆరేళ్ల పిల్లలు ఇరవై ముగ్గురు. ‘హలో’ అన్నాను. అందరూ ‘అలో’ అన్నారు. ఫ్రెంచిలో హకారం రాతలో ఉంటుంది గాని నోట్లో ఉండదు. చిన్న కాగితం ముక్కను పెదవుల ముందు పట్టుకుని ‘హ్యాపీ’ అన్నాను, కాగితం ఎగిరింది. అంతే, ఇరవై మూడు కాగితాలు లేచాయి. గది నిండా ఊపిరే.

అప్పుడు నాకొకటి స్ఫురించింది. ఈ పిల్లలు ఇంగ్లిష్ ‘పెన్’ అనే మాటను అచ్చం మనలాగే అంటారు. అల్పప్రాణమైన ‘ప’. ఇంగ్లిష్ వాళ్ల నోట్లో మాట మొదట్లో వచ్చే ‘ప’కు ‘ఫ’ఒత్తులాంటి ఊపిరి తగులుతుంది. ఆ తేడా నాకు తెలుసు. ఎందుకంటే నేనూ దాన్ని కష్టపడి నేర్చుకున్నాను. జిల్లా పరిషత్ పాఠశాలలో తెలుగు మాధ్యమంలో చదివాను. ఏడో తరగతిలో ఇంగ్లిష్ వాచకం లేచి చదవమంటే కాళ్లు వణికేవి. ఒక మాట తప్పు పలికితే తరగతంతా నవ్వింది, ఆ తర్వాత రెండేళ్లు ఇంగ్లిష్ గంటలో నోరు తెరవలేదు. ఇంగ్లండ్‌లో పుట్టిన అమ్మాయికి హకారం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. నాకు వచ్చింది. మొన్నటి ముల్లు దానంతట అదే ఊడిపోయింది.

మధ్యాహ్నం పెద్ద తరగతి, సే-ఎమ్-దూ. ఒక పాప చెయ్యెత్తి, ఇంగ్లిష్‌లో ‘మీరు’ను ఏమంటారు అని అడిగింది. ‘యూ’ అన్నాను. మరి ‘నువ్వు’ను? అదీ ‘యూ’నే. తరగతి నమ్మలేదు. మా ఇంటి భాషలోనూ మీలాగే రెండున్నాయని చెప్పి బోర్డు మీద తెలుగులో ‘మీరు’, ‘నువ్వు’ రాశాను. వాటి పక్కన ‘వూ’, ‘త్యు’ అని వాళ్ల మాటలు రాశాను. మూడో వరుసలో ‘యూ’ ఒక్కటే. “అయితే ఇంగ్లిష్ వాళ్లు ఎవరికి మర్యాద ఇస్తున్నారో ఎలా తెలుస్తుంది?” అని ఆ పాప అడిగింది. గొంతులో, ‘ప్లీజ్’లో, వాక్యం తిప్పే తీరులో అన్నాను. తర్వాతి అరగంట అడగటం ఎలాగో నేర్చుకున్నాం. ముందుగా రాసుకున్న పాఠ ప్రణాళిక సంచీలోంచి బయటకే రాలేదు.

అక్టోబర్ 5, శనివారం

ప్లాస్ ద్యు ప్లో అనే కూడలిలో సంత. పుట్టగొడుగులు, జున్ను గడ్డలు, చివర్లో గోనె సంచుల నిండా పచ్చ పప్పు. లె ప్వీ పచ్చ మసూరి ఫ్రాన్స్ అంతటా పేరున్న పంట. 1996లో దీనికి ప్రాంతీయ గుర్తింపు దక్కింది. అగ్నిపర్వతపు మట్టి, ఎత్తైన పీఠభూమి, పొడి వేసవి కలిసి దానికి పలచటి పొట్టును ఇచ్చాయని అమ్మే పెద్దాయన చెప్పారు. ఉడికినా గింజ విడిపోదు.

నా చిక్కు కూడా అక్కడే వచ్చింది. ఎంత ఉడికించినా పప్పు మెదగలేదు. సగం గరిటెతో నలిపి, వెల్లుల్లి, జీలకర్ర, అమ్మ ఎండబెట్టి పంపిన కరివేపాకుతో తాలింపు పెట్టి, చింతపండు లేక నిమ్మకాయ పిండాను. కందిపప్పు కాదు. కానీ అన్నంలో కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాక వారం రోజుల అలసట దిగిపోయింది. మదామ్ రెండుసార్లు వడ్డించుకున్నారు.

అక్టోబర్ 7, సోమవారం

రెండో బడిలో ఒక పిల్లవాడు ఉన్నాడు. తొమ్మిదేళ్లు, సే-ఎమ్-అన్. జార్జియా దేశం నుంచి వచ్చి నెల దాటింది. ఫ్రెంచి ఇంకా రాదు. ఉదయం ఆ తరగతిలో డిక్టేషన్ జరుగుతుంటే చూశాను. ఫ్రెంచి బడికి డిక్టేషన్ గుండెకాయలాంటిది. టీచరు వాక్యాన్ని ముక్కలు ముక్కలుగా చదువుతుంటే ఇరవై నాలుగు కలాలు నడిచాయి. ఆ బాబు తనకు విడిగా ఇచ్చిన కాగితంలో బొమ్మల కింద మాటలు ఎక్కిస్తూ కూర్చున్నాడు. టీచరు నిర్లక్ష్యం చేయడం లేదు, ప్రతి పది నిమిషాలకు వచ్చి చూస్తూనే ఉన్నారు. కానీ అతను తల ఎత్తలేదు.

తర్వాత నా గంట. రంగుల కార్డులు ఎనిమిది బోర్డుకు అంటించాను. పిల్లలు కళ్లు మూసుకుంటే ఒకటి తీసేస్తాను. కళ్లు తెరిచి ఏది పోయిందో ఇంగ్లిష్‌లో చెప్పాలి. ఆట సూచనలన్నీ చేతులతోనే చెప్పాను, ఫ్రెంచి ఒక్క ముక్క వాడలేదు. మొదటిసారి ఎవరో ‘రెడ్’ అన్నారు. రెండోసారి కళ్లు తెరవగానే వెనక నుంచి ఒక గొంతు: “బ్లూ!”

తరగతి మొత్తం వెనక్కి తిరిగింది. అతనే. చెవులు ఎర్రబడ్డాయి గాని తల దించుకోలేదు. వచ్చి కార్డు తీసే వంతు ఇప్పుడు అతనిదని సైగ చేశాను. నడిచి వచ్చాడు, వెనక్కి తిరిగి అందరి కళ్లూ మూసుకున్నాయో లేదో తనిఖీ చేసి, పసుపు కార్డు తీసి వీపు వెనక దాచుకున్నాడు. ఇరవై నాలుగు మంది అతని నోటి కోసం ఎదురుచూశారు. తప్పు చెప్పినవాళ్లకు గంభీరంగా ‘నో’ అన్నాడు.

గంట అయ్యాక టీచరు నా దగ్గరికి వచ్చి, అంత గట్టిగా అతని గొంతు వినడం ఇదే మొదటిసారి అన్నారు. ఆవిడ కళ్లలో నీళ్లు. లెక్కలు, చరిత్ర, సైన్సు అన్నీ అతనికి ఫ్రెంచి గోడ అవతలే ఉన్నాయి. ఇంగ్లిష్ గంటలో మాత్రం ఇరవై ఐదుగురూ ఒకే గీత మీద నిలబడ్డారు. ఈ ఉద్యోగంలో నేను చేయగలిగింది ఇంకేమీ లేకపోయినా, వారానికి రెండుసార్లు ఆ గీత గీయడానికి వస్తాను.

అక్టోబర్ 10, గురువారం

ఇవాళ సద్దుల బతుకమ్మ. తంగేడు లేదు, గునుగు లేదు. మదామ్ పెరట్లో డాలియాలు, చామంతి జాతి పూలు కోసుకోమన్నారు. పళ్లెంలో జానెడు ఎత్తు పేర్చాను. ఇద్దరమే దాని చుట్టూ తిరిగాం. చప్పట్లు ఎప్పుడు కొట్టాలో ఆవిడకు మూడో చుట్టుకు అందింది. తర్వాత బోర్న్ ఏటికి తీసుకెళ్లి పూలు మాత్రం వదిలాం. నుదుట బొట్టుతో చాలాసేపు ఒడ్డునే నిలబడ్డాను.

అక్టోబర్ 15, మంగళవారం

ఈ వారం దేశమంతటా బడుల్లో రుచుల వారం. మూడో బడిలో టీచరు పప్పు గురించి ఇంగ్లిష్‌లో పాఠం చెప్పమన్నారు. బల్ల మీద ఆరు గిన్నెలు పెట్టాను: ఊరి పచ్చ మసూరి, మదామ్ సెంతెత్యెన్ నుంచి తెప్పించిన కంది, పెసర, మినుము, సెనగ, ఎర్ర మసూరి. వండలేదు. అలర్జీల విషయంలో ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉంటారు. ముట్టుకుని, రంగు చెప్పి, చిన్నదో పెద్దదో చెప్పాలి. పప్పు తమ ఊరి సొత్తే అనుకున్న పిల్లలకు మా ఇంట్లో అది రోజూ ఉంటుందని తెలిసి నోళ్లు తెరుచుకున్నాయి. “ఎవ్రీ డే?” అని ఒకడు మూడుసార్లు అడిగాడు. ఎవరూ నేర్పకుండానే ఆ మాట ఆ తరగతికి వచ్చేసింది.

అక్టోబర్ 17, గురువారం

రాత్రి నుంచి ఆగని వాన. మధ్యధరా సముద్రం నుంచి వచ్చే తేమగాలి సెవెన్ అనే పేరున్న కొండలకు తగిలి శరత్కాలంలో ఇలా కుమ్మరిస్తుందట. మా ఓత్-లువార్ జిల్లాకు కూడా ఎర్ర హెచ్చరిక ఇచ్చారు. పక్కనే ఆర్దెష్‌లో కొన్నిచోట్ల రెండు రోజుల్లో 600 మిల్లీమీటర్లకు పైగా కురిసింది.

బడిలో ఇవాళ జార్జియా బాబు ఉన్న తరగతే. మధ్యాహ్నం నుంచి తల్లిదండ్రులు ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని తీసుకెళ్తున్నారు. మిగిలినవాళ్లు కిటికీలకు అతుక్కుపోయారు. రంగుల కార్డులు తియ్యబుద్ధి కాలేదు. కిటికీ దగ్గరే నిలబడి ‘రెయిన్’ అన్నాను. ‘రివర్’ అన్నాను. ఫ్రెంచి రకారం గొంతు లోపలి నుంచి వస్తుంది, ఇంగ్లిష్ రకారం నాలుకను మడిచి గాలిలో ఆపితే వస్తుంది. ఆ పలకడంలో పడి పిల్లలు కొంచెం తేరుకున్నారు. ఒక పాప, మీ ఊళ్లో ఇంత వాన పడుతుందా అని అడిగింది. నెలన్నర కిందట మా ఇంట్లోకి నది వచ్చిందని చెప్పాను. నీళ్లు ఇక్కడి దాకా అని నడుము చూపించాను. అందరూ నా నడుము వైపు చూశారు. జార్జియా బాబు తన మెడ దగ్గర చెయ్యి పెట్టుకుని, కనుబొమలు ఎత్తి ప్రశ్న అడిగాడు. తనంత ఎత్తు వాడికైతే మెడ దాకానా అని! అవునన్నాను. “యూ ఓకే?” అన్నాడు. తర్వాత ‘అమ్మ?’ అని ఫ్రెంచిలో అడిగాడు. అమ్మ, నాన్న, అందరూ ‘సేఫ్’ అన్నాను. ఆ మాట బోర్డు మీద రాశాను. ఆ రోజు అదొక్కటే రాశాను.

రాత్రి కరెంటు ఉంది, నీళ్లు మా వీధి దాకా రాలేదు. మదామ్ నిద్రపోలేదు. 1980 సెప్టెంబర్ 21న లువార్ పొంగి పక్క ఊరు బ్రీవ్-షారెన్సాక్‌ను ముంచిందట, ఎనిమిది మంది పోయారు. అప్పుడు ఆవిడ కొత్తగా చేరిన పంతులమ్మ. ఆ తర్వాత నదికి పైన పెద్ద ఆనకట్ట కడతామంటే జనం ఏళ్ల తరబడి పోరాడి ఆపించారు. దానికి బదులు బ్రీవ్ దగ్గర నదీగర్భాన్ని వెడల్పు చేశారు, ఒడ్డున ఉన్న కర్మాగారాలను దూరంగా తరలించారు. నదికి చోటు ఇచ్చాం అన్నారు మదామ్. మున్నేరు ఒడ్డున వరసగా నిలిచిన ఇళ్లు నా కళ్ల ముందు మెదిలాయి, వాటిలో మాదీ ఒకటి. ఈ మాట నాన్నతో మాట్లాడాలి.

అక్టోబర్ 18, శుక్రవారం

వాన తగ్గింది. లువార్ మట్టిరంగులో, చెట్ల కొమ్మల్ని మోసుకుంటూ వంతెన కింద పోతోంది. దిగిన రోజు చూసిన పిల్ల ఏరు ఇదేనంటే నమ్మకం కలగలేదు.

రేపటి నుంచి తూసాఁ (సకల పునీతుల పండుగ) సెలవులు, రెండు వారాలు. ఉదయం బడిలో సగం మందే ఉన్నారు. నిన్న బోర్డు మీద రాసిన మాటను ఎవరూ చెరపలేదు. జార్జియా బాబు ఒక బొమ్మ గీసి తెచ్చాడు. నీలం నీళ్లు, అందులో ఇల్లు, మేడ మీద ముగ్గురు మనుషులు. పైన ఇంగ్లిష్ అక్షరాలతో ‘సేఫ్’, దాని కింద గుండ్రని జార్జియన్ అక్షరాల్లో ఇంకో మాట. ఆ లిపి చూడగానే మన లిపికి చుట్టమేమో అనిపించేంత గుండ్రంగా ఉంది. ఎలా పలకాలని అడిగితే నెమ్మదిగా రెండుసార్లు చెప్పాడు. నాకు రాలేదు. మూడోసారి నా నోటి వైపు చూస్తూ చెప్పాడు. నేను అన్నాను. అతను గంభీరంగా ‘నో’ అని, మళ్లీ చెప్పాడు.

మధ్యాహ్నం ఆ గుడి మెట్లు 268 ఎక్కాను. సాయంత్రం నవంబర్ 4కు పాఠం రాసుకున్నాను. సే-ఎమ్-అన్‌తో మొదటి గంట, వాన మాటలు, ఇంటి మాటలు. కార్డులు కొత్తవి చెయ్యాలి. మదామ్ దగ్గర అట్టలు ఉన్నాయట.